ఆన్‌లైన్‌లో పాత తుపాకీ కొంటున్నారా? అమ్మేవాడి చేత ముందు రాయించుకోండి

అమెరికాలో పాత తుపాకుల అమ్మకాల్లో మోసం చాలావరకు "ఒరిజినల్" అనే ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. వందేళ్ల నాటి కోల్ట్ రివాల్వర్ మీద ఫ్యాక్టరీలో వేసిన రంగు అరిగిపోయి కొద్దిగానే మిగిలినా కలెక్టర్లు ఎగబడి కొంటారు. అదే రివాల్వర్‌ని ఎవరో సానబట్టి కొత్త రంగు వేయిస్తే, ఎంత మెరిసిపోతున్నా ధర బాగా పడిపోతుంది. ఆ రెండో రకాన్ని మొదటి రకం ధరకి అంటగట్టేవాళ్లున్నారు. అసలు తుపాకీయే లేకుండా ఫొటోలు చూపించి డబ్బు కొట్టేసేవాళ్లు వేరే.

షాపులో అయితే వస్తువు చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తాం. ఆన్‌లైన్‌లో మన దగ్గర ఉండేవి అతను పెట్టిన ఫొటోలు, అతను రాసిన మాటలు, అంతే. కాబట్టి పని అంతా ఆ రెండింటితోనే. అతను ఏం అమ్ముతున్నాడో స్పష్టంగా రాతలో పెట్టించాలి. తుపాకీ మీ పేరు మీదికి మారకముందే ఆ రాతని పక్కన పెట్టుకుని తుపాకీని చూడాలి. కింద చెప్పేదంతా ఈ రెండు పనులు ఎలా చేయాలన్నదే.

ముందు మీ అర్హత, తుపాకీ వయసు చూసుకోండి

హెచ్‌-1బీ, ఎఫ్‌-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. వేట లైసెన్సు ఉన్నవాళ్లకు ఉన్నట్టు కొన్ని మినహాయింపులున్నాయి కానీ, లాయరుని అడగకుండా వాటిని నమ్ముకోవద్దు. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కొనొచ్చు. "నాకు గ్రీన్‌కార్డు ఉంది కదరా, నీ కోసం నా పేరు మీద కొంటాలే" అని ఫ్రెండ్ అంటే మాత్రం అస్సలు ఒప్పుకోకండి. డీలర్ దగ్గర నింపే 4473 ఫారంలో నిజంగా కొంటున్నది మీరేనా అని సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాయడం ఫెడరల్ నేరం, ఇద్దరూ ఇరుక్కుంటారు.

ఇక తుపాకీ వయసు. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవి ఫెడరల్ చట్టం దృష్టిలో యాంటిక్‌లు. ఇవి నేరుగా ఇంటికి రావచ్చు. ఆ తర్వాతివి వేరే రాష్ట్రం నుంచి కొంటే, 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం మీ రాష్ట్రంలోని లైసెన్సున్న డీలర్ ద్వారానే రావాలి. ఆ లైసెన్సునే అందరూ ఎఫ్‌ఎఫ్‌ఎల్ అంటారు. 50 ఏళ్లు దాటి, మొదట్లో ఉన్న రూపంలోనే ఉన్న తుపాకులకు కలెక్టర్ల కోసం సీ అండ్ ఆర్ అనే లైసెన్సు ఉంది. మూడేళ్లకు 30 డాలర్లు. అది ఉంటే అలాంటివి మీ ఇంటికే తెప్పించుకోవచ్చు. అయితే కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాలకు సొంత చట్టాలున్నాయి, అవి ఇంకా కఠినం. మీ రాష్ట్రం సంగతి ముందే తెలుసుకోండి.

మోసాన్ని పట్టుకోవడానికి కూడా ఈ చట్టం పనికొస్తుంది. 1943లో తయారైన పిస్టల్‌ని వేరే రాష్ట్రం నుంచి "లైసెన్సు గొడవలేం వద్దు, నేరుగా ఇంటికి పంపేస్తా" అనేవాడు దొంగ అయినా అయ్యుండాలి, చట్టం తప్పడానికి సిద్ధపడ్డవాడైనా అయ్యుండాలి. ఎవరైనా సరే, అక్కడితో మాట ఆపేయండి. "1873 కోల్ట్, యాంటిక్" అన్న లిస్టింగ్ చూసినా తొందరపడకండి. 1873 అన్నది ఆ మోడల్ మొదలైన ఏడాది. ఆ సింగిల్ యాక్షన్ రివాల్వర్‌ని 1940 దాకా చేశారు, 1956లో మళ్లీ మొదలుపెట్టారు. మీరు కొనబోయే తుపాకీ ఏ ఏడాదిదో దాని సీరియల్ నంబరు చెబుతుంది. యాంటిక్ అవునా కాదా అన్నది దాని ఫ్రేమ్ ఎప్పుడు తయారైందన్న దాన్నిబట్టే.

మనిషి, తుపాకీ నిజంగా ఉన్నాయా

లిస్టింగ్‌లోని ఫొటోలను ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూడండి. ఎప్పుడో అయిపోయిన వేలంలోని ఫొటోలు తీసుకొచ్చి పెట్టడం మామూలే. తర్వాత అమ్మేవాడిని ఒక కొత్త ఫొటో అడగండి: ఒక కాగితం మీద ఆ రోజు తేదీ, మీ పేరు చేత్తో రాసి, దాన్ని సీరియల్ నంబరు పక్కన పెట్టి తీసినది. తుపాకీ చేతిలో ఉన్నవాడికి ఇది రెండు నిమిషాల పని. దీనికి సాకులు చెబితే ఇక మాట్లాడాల్సింది లేదు.

అతను డీలర్‌నని చెప్పుకుంటే లైసెన్సు నంబరు అడగండి. తుపాకుల లైసెన్సులిచ్చే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ సైట్‌లో ఈజీ చెక్ అనే పేజీ ఉంది. లైసెన్సు నంబరులోని మొదటి మూడు అంకెలు, చివరి ఐదు వేస్తే అది చెల్లుతుందో లేదో, ఎవరి పేరు మీద, ఏ అడ్రసులో ఉందో కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, అది చాలదు. నిజమైన డీలర్ పేరు, లైసెన్సు, షాపు ఫొటోలు అన్నీ దొంగిలించి నకిలీ సైట్లు పెట్టేవాళ్లున్నారు. లైసెన్సు అసలుదే, మీతో మాట్లాడేవాడే నకిలీ. అందుకని ఆ షాపు ఫోన్ నంబరు ఆ సైట్‌లో చూసి కాకుండా మీరే విడిగా వెతికి పట్టుకుని ఫోన్ చేయండి. "ఈ తుపాకీ మీరు అమ్ముతున్నారా?" అని అడిగితే విషయం తేలిపోతుంది.

పాత రివ్యూలు చూసేటప్పుడు ఎన్ని ఉన్నాయన్నది కాదు, వేటికి ఉన్నాయన్నది చూడండి. ఇన్నాళ్లూ తుపాకీ తొడుగులు, బెల్టులు అమ్ముకున్న అకౌంట్ ఉన్నట్టుండి వేల డాలర్ల లూగర్లు (పాత జర్మన్ పిస్టళ్లు) అమ్మకానికి పెడితే, ఆ అకౌంట్ ఎవరో హ్యాక్ చేసి ఉండొచ్చు.

లిస్టింగ్‌లో ఏం రాశాడు, ఏం రాయలేదు

అమ్మేవాడు మోసగాడైతే చాలాసార్లు పచ్చి అబద్ధం రాయడు. "మా తాతగారిది, నాకు తుపాకుల గురించి పెద్దగా తెలీదు", "ఒరిజినల్‌గానే కనిపిస్తోంది", "నాకు తెలిసినంతలో భాగాల మీది నంబర్లన్నీ కలుస్తాయి", "ఫొటోలు చూసి మీరే నిర్ణయించుకోండి", "ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నా, వెనక్కి తీసుకోను". ఇవన్నీ చదివాక ఒరిజినల్ అన్న అభిప్రాయం మీకు కలుగుతుంది, అతను మాత్రం ఆ మాట ఎక్కడా అనలేదు.

ఈ తేడాకి చట్టంలో విలువుంది. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ అమలులో ఉన్న యూనిఫాం కమర్షియల్ కోడ్ ప్రకారం, వస్తువు ఫలానా రకం అని వర్ణించి, ఆ వర్ణన మీద బేరం కుదిరితే ఆ వర్ణనే వారంటీ అవుతుంది. అభిప్రాయం చెబితే, మెచ్చుకోలుగా ఒక మాట అంటే అది వారంటీ కాదు. "ఇది ఫ్యాక్టరీ బ్లూయింగ్ (నీలి నలుపు పూత), మళ్లీ పూత వేయలేదు" అని రాసినవాడు, అదే లిస్టింగ్‌లో "ఉన్నది ఉన్నట్టు" అని చేర్చినంత మాత్రాన ఆ మాట నుంచి తప్పించుకోవడం కష్టం. "బాగుంది, చూస్తే ఒరిజినల్‌లా ఉంది" అన్నవాడిని మాత్రం పట్టుకోవడం కష్టం.

అందుకే బిడ్ వేసేముందు, డబ్బు పంపేముందు, ఆ సైట్ మెసేజీల్లోనే సూటిగా అడగండి. ఫోన్‌లో వద్దు. ఫోన్‌లో మాట్లాడినా, తర్వాత "ఇందాక మీరు ఇలా చెప్పారు, సరేనా" అని మెసేజ్ పెట్టి ఒప్పించుకోండి. నేనైతే ఇవి అడుగుతాను: దీనికి ఎప్పుడైనా మళ్లీ పూత వేశారా? ఏ భాగమైనా మార్చారా, వెల్డింగ్ చేశారా? నంబరు ఉన్న ప్రతి భాగం మీదా ఏ నంబరు ఉందో రాసి పంపగలరా? దిగుమతిదారు ముద్ర ఎక్కడైనా ఉందా? డీలర్ దగ్గర చూశాక, మీరు రాసినట్టు లేకపోతే తిరిగి తీసుకుంటారా? తెలియకపోతే తెలియదని రాయమనండి. నిజాయితీపరుడు "పూత గురించి కచ్చితంగా చెప్పలేను, అందుకే ధర తగ్గించి పెట్టా" అంటాడు. అలాంటివాడి దగ్గర కొన్నందుకు నాకెప్పుడూ బాధ లేదు. అడిగింది ఒకటైతే చెప్పేది ఇంకొకటి అయితే, లేదా "ఇంకో ఇద్దరు రెడీగా ఉన్నారు" అని తొందరపెడితే, వాళ్లకే అమ్ముకోనివ్వండి.

లిస్టింగ్‌ని, మెసేజీలను, ఫొటోలన్నిటినీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అమ్మకం అయ్యాక లిస్టింగ్‌లో మాటలు మారిపోయిన సందర్భాలున్నాయి.

ఫొటోల్లో ఎక్కడ చూడాలి

మోసగాళ్లు బొమ్మ బాగా కనిపించే కోణంలోనే తీస్తారు. మీకు కావాల్సింది పక్క నుంచి వెలుగు పడేలా తీసిన దగ్గరి ఫొటోలు. స్క్రూ తలలు, బ్యారెల్ అడుగు భాగం, బ్యారెల్ మూతి, పిడి పలకలు విప్పాక లోపలి భాగం, ప్రతి ముద్ర, ప్రతి నంబరు ఉండాలి.

కోల్ట్ సింగిల్ యాక్షన్ తీసుకోండి. ఫ్రేమ్‌కి ఎడమవైపు పేటెంట్ తేదీలు ముద్రించి ఉంటాయి. మళ్లీ పూత వేయాలంటే ముందు పాత తుప్పు గుంటలు పోయేలా సానబట్టాలి. అప్పుడు అక్షరాలు పైనుంచి అరిగి సన్నబడతాయి, కొన్ని మాసిపోతాయి. పదునుగా ఉండాల్సిన అంచులు గుండ్రబడతాయి. స్క్రూ రంధ్రం చుట్టూ లోహం లోపలికి దిగి చిన్న పళ్లెంలా కనిపిస్తుంది. ఫ్యాక్టరీ పనిలో ఆ అంచు చదునుగా, స్క్రూతో సమానంగా ఉండాలి. తుప్పు గుంటల అడుగున కూడా కొత్త నీలం మెరుస్తుంటే ఆ రంగు తుప్పు తర్వాత వేసిందే. మామూలుగా ఆ రివాల్వర్ ఫ్రేమ్‌కి కేస్ హార్డెనింగ్ వల్ల, అంటే లోహం పైపొరను వేడితో గట్టిపరచడం వల్ల, వచ్చే రంగురంగుల మరకలుంటాయి, అది మొత్తం నల్లగా నిగనిగలాడుతుంటే ఎందుకని అడగండి.

లూగర్ పీ-08లో నంబర్లే ప్రాణం. సైన్యానికి చేసిన లూగర్లలో చిన్న చిన్న భాగాల మీద కూడా సీరియల్ నంబరులోని చివరి రెండు అంకెలు కొట్టి ఉంటాయి. "అన్నీ కలిశాయి" అన్న మాట విని ఊరుకోకుండా ఒక్కో భాగం ఫొటో అడగండి. అంకెల ఆకారం, లోతు అన్నిటి మీదా ఒకేలా ఉన్నాయా చూడండి. ఒక భాగం మీద పాత అంకెని చెరిపి కొత్తది కొడితే అక్కడ లోహం కొద్దిగా దిగి ఉంటుంది. 1937 ప్రాంతం దాకా ట్రిగ్గర్ లాంటి చిన్న భాగాలకు గడ్డి రంగు ఉండేది. చుట్టూ అంతా అరిగిపోయి, ఆ గడ్డి రంగు మాత్రం నిన్న వేసినట్టు ఉంటే అది నిన్న వేసిందే. పిస్టల్‌తో పాటు వచ్చిన మ్యాగజీన్ (తూటాలు పెట్టే అర) అడుగున నంబరు కలవడం అరుదు, అందుకే దానికి అంత విలువ, అందుకే దాని మీదే ఎక్కువ దొంగ పని.

కార్-98కే మౌజర్ అనే జర్మన్ రైఫిళ్లలో ఇంకో తరహా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యం స్వాధీనం చేసుకున్న రైఫిళ్లను తర్వాత విప్పి, భాగాలు కలగలిపి, మళ్లీ బిగించి, మందంగా నల్లరంగులో ముంచారు. బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే భాగం) మీద నంబరు కలవాలి కాబట్టి ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో గీసి కలిపారు. ఇవి చెడ్డ రైఫిళ్లు కావు, నాకూ ఇష్టమే. కానీ గీసిన నంబరు చూపించి "జర్మన్ ఒరిజినల్, నంబర్లన్నీ కలిశాయి" అని అమ్మితే అది మోసం. గీసిన అంకె సన్నగా, వంకరగా ఉంటుంది. జర్మన్ ఫ్యాక్టరీలో సుత్తితో కొట్టిన అంకె లోతుగా, ఒకే పరిమాణంలో ఉంటుంది. దిగుమతిదారు ముద్ర చాలావాటి మీద బ్యారెల్ అడుగున, మూతి దగ్గర ఉంటుంది. ఇరవై ఫొటోలు పెట్టి ఆ ఒక్క చోటు చూపించకపోతే అడిగి తెప్పించుకోండి.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేవి బాగా అరుదైనవి. సింగర్ కుట్టుమిషన్ల కంపెనీ అమెరికా సైన్యం కోసం ఎం-1911ఏ1 పిస్టళ్లు 500 మాత్రమే చేసింది. నంబర్లు ఎస్ 800001 నుంచి ఎస్ 800500 దాకా. మామూలు 1911 మీద ఆ పేరు చెక్కి అమ్మే ప్రయత్నాలు ఎంతోకాలంగా ఉన్నాయి. ఇలాంటివి ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి కొనకండి. ఆ ఒక్క రకం తెలిసిన నిపుణుడికి చేతికిచ్చి చూపించకుండా డబ్బు కట్టకండి. నాకు తెలిసినంతలో ఈ విషయంలో మినహాయింపు పెట్టుకోదగ్గ కారణం ఏదీ లేదు.

ఫ్యాక్టరీ లెటర్ దేనికి సాక్ష్యం

కోల్ట్ ఆర్కైవ్, వయోమింగ్ రాష్ట్రం కోడీ పట్టణంలోని కోడీ ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియం, స్మిత్ అండ్ వెస్సన్ హిస్టారికల్ ఫౌండేషన్ లాంటి చోట్ల పాత రికార్డులున్నాయి. సీరియల్ నంబరు ఇచ్చి రుసుము కడితే, ఆ నంబరు తుపాకీ గురించి రికార్డులో ఉన్నది లెటర్‌గా రాసి ఇస్తారు. కోల్ట్ లెటర్‌లో బ్యారెల్ పొడవు, క్యాలిబర్, పూత, ఎప్పుడు, ఎవరికి పంపారు అన్నవి ఉంటాయి. రికార్డులో నీలం పూత అని ఉండి మీ ముందున్నది నికెల్ అయితే, అతను "ఫ్యాక్టరీ నికెల్" అన్న మాట అక్కడే పడిపోయింది.

ఇందులో ఒక మెలిక ఉంది. లెటర్ ఆ నంబరు గురించి చెబుతుంది, మీ చేతిలో ఉన్న తుపాకీని ఎవరూ చూడలేదు. మళ్లీ పూత వేసిందైనా, బ్యారెల్ మార్చిందైనా, ఆఖరికి నంబరే దొంగదైనా లెటర్ మాత్రం అసలుదే వస్తుంది. లెటర్ చూపించి "చూడండి, అథెంటిక్" అనేవాడికి ఇది తెలుసు, మీకు తెలియదనుకుంటున్నాడు. యుద్ధం నుంచి తాతగారు తెచ్చారన్న కాగితాల సంగతీ అంతే. వాటి మీద ఆ తుపాకీ నంబరు లేకపోతే అవి వేరే ఏ తుపాకీతోనైనా కలిపి అమ్మొచ్చు. కథకి డబ్బు కట్టకండి, తుపాకీకి కట్టండి.

డబ్బు ఎలా పంపాలి

వీలైతే క్రెడిట్ కార్డు. అమ్మేవాడు కార్డు రుసుము మీ మీద వేసినా అది మీ భద్రతకి పెట్టే ఖర్చు. ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ యాక్ట్ ప్రకారం, వస్తువు రాకపోయినా, ఒప్పుకున్నట్టు రాకపోయినా, ఆ చార్జీ ఉన్న స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు బ్యాంకుకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు. కార్డు తీసుకోని వ్యక్తిగత అమ్మకందారుకి పోస్టల్ మనీ ఆర్డర్ పంపొచ్చు. అతను నగదు చేసుకున్నాక డబ్బు వెనక్కి రాదు కానీ, పోస్టు ద్వారా మోసం జరిగితే పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్ దర్యాప్తు చేస్తుంది.

జెల్, క్యాష్ యాప్, గిఫ్ట్ కార్డులు, క్రిప్టో వద్దు. పేపాల్ తుపాకుల అమ్మకాలను అనుమతించదు. "పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపండి, తుపాకీ అని రాయకండి" అనేవాడు మీకు ఉన్న రక్షణంతా ముందే తీసేస్తున్నాడు.

డీలర్ కౌంటర్ దగ్గర, 4473 నింపకముందు

అన్నిటికన్నా ముఖ్యమైన గంట ఇదే. తుపాకీ మీ డీలర్ దగ్గరికి వచ్చింది. మీరు 4473 నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యి, ఇంటికి తీసుకెళ్తే అది మీది. చాలామంది అమ్మకందారుల షరతు కూడా ఇదే: తనిఖీ గడువు ఉంటుంది, మూడు రోజులు మామూలు, కానీ తుపాకీ మీ పేరు మీదికి మారితే ఆ గడువు అక్కడితో పూర్తి. కాబట్టి ఫారం జోలికి వెళ్లకముందే తుపాకీ చూడాలి. డీలర్‌కి ముందే ఫోన్ చేసి "చూసుకున్నాకే ట్రాన్స్‌ఫర్, నచ్చకపోతే మీరే తిరిగి పంపాలి, దానికి ఎంత తీసుకుంటారు?" అని మాట్లాడుకోండి.

స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీసుకెళ్లండి. టార్చి, భూతద్దం వెంట ఉండాలి. ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో డీలర్ చేత చూపించుకోండి. తర్వాత సీరియల్ నంబరు లిస్టింగ్‌తో కలుస్తోందా, ఫొటోలోని గీతలు, మరకలు దీని మీద ఉన్నాయా, మ్యాగజీన్, పిడి పలకలు ఆ ఫొటోలోవేనా అన్నది చూడండి. మంచి మ్యాగజీన్ ఫొటో తీసి, పంపేటప్పుడు మామూలుది పెట్టడం జరుగుతూనే ఉంటుంది. పిడి పలకలు విప్పాల్సి వస్తే డీలర్‌ని అడిగి, అతని ముందే విప్పండి. పార్సిల్ తెరిచేటప్పటి నుంచి వీడియో తీయడానికి డీలర్ ఒప్పుకుంటే ఇంకా మంచిది. ఒక్క గుండు కూడా పేల్చవద్దు, పేలిస్తే వాపసు హక్కు పోతుంది. సీ అండ్ ఆర్ లైసెన్సు మీద ఇంటికి వస్తే ఇవన్నీ ఇంట్లోనే, వచ్చిన రోజే చేయండి.

సీరియల్ నంబరు గీకేసినట్టు, మార్చినట్టు కనిపిస్తే బేరాలాడకండి. అలాంటి తుపాకీ అని తెలిసి దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. డీలర్‌కి చెప్పి, తీసుకోకుండా వచ్చేయండి, మిగతాది ఏటీఎఫ్‌తో అతను చూసుకుంటాడు. దొంగిలించిన తుపాకీ అని అనుమానం వస్తే స్థానిక పోలీసులే నంబరుతో చెక్ చేయగలరు, దేశం మొత్తానికీ ఉన్న ఆ రికార్డు మామూలు జనానికి తెరిచి ఉండదు.

చెప్పింది ఒకటి, వచ్చింది ఇంకొకటి అయితే

అదే రోజు రాయండి, ఆలస్యం చేసిన కొద్దీ మీ మాట బలహీనమవుతుంది. తిట్టకండి. "12వ తేదీ మెసేజ్‌లో పూత ఒరిజినల్ అని రాశారు. స్క్రూ రంధ్రాల దగ్గర, పేటెంట్ తేదీల దగ్గర సానబట్టిన గుర్తులు ఈ ఫొటోల్లో ఉన్నాయి. తుపాకీ తీసుకోవడం లేదు, డీలర్ దగ్గరే ఉంది. పూర్తి డబ్బు, పంపిన ఖర్చు వెనక్కి ఇవ్వండి, శుక్రవారం లోపు జవాబు కావాలి." ఇంత చాలు. ముందు రాయించుకున్న మాట ఇప్పుడు మీ చేతిలో ఉంది కాబట్టి, చాలామంది ఇక్కడే దిగొస్తారు. "సరే, 200 డాలర్లు తగ్గిస్తా, ఉంచుకోండి" అంటే ఆలోచించి చెప్పండి. తుపాకీ నిజంగా ఆ తగ్గిన ధరకి విలువ చేస్తే ఉంచుకోవడం తప్పు కాదు, కానీ డబ్బు వెనక్కి రాకముందు ట్రాన్స్‌ఫర్ చేయించుకోవద్దు. తిరిగి పంపేటప్పుడు డీలర్ నుంచి డీలర్‌కే, ట్రాకింగ్‌తో, పూర్తి విలువకి ఇన్సూరెన్సుతో పంపించండి.

దిగిరాకపోతే ఆ సైట్‌లో వివాదం వేయండి, కార్డు అయితే బ్యాంకుకి రాయండి. అసలు తుపాకీయే పంపనివాడి మీద ఇంటర్నెట్ మోసాల కోసం ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3 సైట్‌లో ఫిర్యాదు, పోస్టు వాడితే పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్‌కి ఒకటి, అతని రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసులోని వినియోగదారుల విభాగానికి ఒకటి. మొత్తం చిన్నదైతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు లాయరు లేకుండానే వెళ్లగలిగే చోటు, అయితే మామూలుగా అతని ఊళ్లోనే వేయాల్సి వస్తుంది, అంత దూరం వెళ్లడం గిట్టుబాటవుతుందా అన్నది చూసుకోండి. లైసెన్సున్న డీలరే మోసం చేస్తే ఏటీఎఫ్ స్థానిక ఆఫీసుకి కూడా రాయండి. డబ్బు రాబట్టి ఇవ్వడం వాళ్ల పని కాదు, కానీ లైసెన్సు ఇచ్చింది వాళ్లే.

చివరగా ఆ సైట్‌లో రివ్యూ రాసేటప్పుడు మీరు నిరూపించగలిగినదే రాయండి: లిస్టింగ్‌లో ఏముంది, వచ్చింది ఏది, అడిగితే ఏమన్నాడు. "దొంగ" అన్న మాట వద్దు. లూగర్ నంబరు, తేదీ ఉంటే చాలు, అదే తుపాకీని మళ్లీ అమ్మకానికి పెట్టినప్పుడు వెతికేవాళ్లకి మీ మాట కనిపిస్తుంది.